ట్రెబుల్ మీద ముద్ర

ఏప్రిల్ 12

బావగారికి,

నిన్న సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరాను. బస్సులో పక్కసీటాయన దారి పొడవునా నా ఒళ్లో ఉన్న పెట్టెకేసి అనుమానంగా చూస్తూనే ఉన్నాడు. శబ్దం కొలిచే మీటరండీ అని చెబితే, ఓ పూట అరువిస్తే పక్కింటివాళ్ల మీద పెట్టి చూస్తానన్నాడు.

నేను బయల్దేరేటప్పుడు మీరు మొహం గంటు పెట్టుకున్నారు కాబట్టి, చేసిందేమిటో మళ్లీ వివరంగా రాస్తున్నాను. రికార్డులో శబ్దం ఏ పాళంలో ఉందో, స్పీకర్లలోంచి అదే పాళంలో బయటికి రావాలి. తక్కెడకి న్యాయం ఎలాగో దీనికీ అలాగే. మీ సోఫా దగ్గర మీటరు పెట్టి, పరీక్ష కోసం చేసిన కూతల రికార్డు వేసి, బొంగురు కూత నుంచి సన్నకూత దాకా ముప్పై చోట్ల కొలిచాను. బొంగురు వైపు అంతా బుద్ధిగానే ఉంది. సన్నటి శబ్దాల దగ్గరికి వచ్చేసరికి గ్రాఫులో గీత గోడెక్కిన పిల్లిలా పైకి పోయింది. తొమ్మిది డెసిబెల్లు ఎక్కువ. కారణం కోసం వెతుక్కోనక్కర్లేదు, సన్నశబ్దాలని పెంచే ట్రెబుల్ నాబ్ చివరిదాకా తిప్పి ఉంది. నేను దాన్ని మధ్యకి తెచ్చాను, గీత తిన్నగా అయింది.

నాబ్ మీద లక్క ముద్ర వేసింది తమాషాకి కాదు. తూనికలు కొలతల ఆఫీసులో ఇరవయ్యారేళ్లుగా పనిచేస్తున్నాను. సరిచేసిన తక్కెడకి ముద్ర వెయ్యకుండా ఏ కొట్టు మెట్లూ దిగలేదు. బావగారి ఇల్లయినా అంతే. నెల్లాళ్లు కదపకుండా వినండి, అలవాటవుతుంది. గ్రాఫు జతచేశాను. ఫ్రేము కట్టించమనను గానీ చింపకండి.

ఇంకో మాట. ఆ నాలుగు రోజులూ నేను ఏం చెప్పినా అక్క నా మొహంలోకే చూస్తూ, నవ్వుతూ తలూపింది. నా మాటలు ఇంత శ్రద్ధగా విన్నది పుట్టాక ఇదే మొదటిసారి. మీరు ఆవిణ్ణి చూసి నేర్చుకోవాలి.

మీ బావమరిది

ఏప్రిల్ 21

కొలతలరాయుడికి,

గ్రాఫు అందింది. ముచ్చటగా గీశావు. మీ అక్క కూడా చాలాసేపు చూసింది.

నేను ముప్పై నాలుగేళ్లుగా పుస్తకాలు బైండు చేస్తున్నాను. జిగురు ఎంత పలచగా రాయాలో, ఎప్పుడు ఆరిందో ఏ స్కేలూ చెప్పదు, బొటనవేలు చెబుతుంది. చెవి కూడా అలాంటిదే. నువ్వు బాగుచెయ్యకముందు పాట పెడితే పాడే మనిషి ఎదురుగా కూర్చున్నట్టుండేది. ఇప్పుడు ఆ మనిషి మీద ఎవరో కంబళి కప్పినట్టుంది. ఒక్క మాటా తెలియడం లేదు. నీ గీత తిన్నగానే ఉంది, పాటే పడుకుంది.

నా సంగతి సరే, మీ అక్క సంగతి చెప్పాలి. వకీలుగారు చెప్పింది రోజంతా రాసుకుని, టైపు కొట్టి, ఆరింటికి ఇల్లు చేరాక ఆవిడకున్న సరదా అదొక్కటే. సోఫా మీద కాళ్లు ముడుచుకుని గంటసేపు పాటలు. నువ్వు వెళ్లాక రెండు రోజులు కూర్చుంది. మూడోరోజు పనుందని లోపలికి వెళ్లింది. అప్పటినుంచీ హాల్లో నేనూ, నీ ముద్రా. ఏమైందని అడిగితే 'ఏం లేదు' అంటుంది. కాపురం చేసినవాడికి ఆ రెండు మాటలకి అర్థం ఒకరు చెప్పనక్కర్లేదు. నిన్ను పాటల పెట్టె ముట్టుకోనిచ్చినందుకు కోపం నా మీద తీర్చుకుంటోంది.

ముద్ర నేను తియ్యను. వేసినవాడే వచ్చి తియ్యాలి. నాకూ పౌరుషం ఉంది.

నీ బావ

మే 3

పౌరుషవంతులైన బావగారికి,

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాళ్లని నేను వారానికి పదిమందిని చూస్తాను. పోయిన నెల ఒకాయన కొట్టు తనిఖీ చేశాను. ఆయన తక్కెడ కేజీకి నలభై గ్రాముల సరుకు ఎక్కువ తూస్తోంది, అంటే నష్టం ఆయనకే. పాపం అనిపించి అక్కడే సరిచేసి ముద్ర వేశాను. వారం తిరక్కుండా ఆయనే ఆఫీసుకి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. కొనేవాళ్లందరూ తక్కువ తూస్తున్నావని తిడుతున్నారట, ఎదుటి కొట్టుకి పోతున్నారట, పాత తక్కెడ పాతలాగే చేసిపెట్టమని. అబద్ధానికి అలవాటుపడితే నిజం మోసంలా కనిపిస్తుంది బావగారూ. మీ కంబళి అదే. చెవి నమ్మదగ్గ సాక్షి కాదు.

అక్క కోపం నా మీదనే అని నాకూ అర్థమైంది. ఆదివారం ఫోను చేస్తే ఆవిడే తీసింది. 'బావున్నావా' అంటే 'బుధవారం' అంది. ఏం బుధవారం అంటే, 'సరే సరే, ఉంటాను' అని పెట్టేసింది. చిన్నప్పుడు నేను తన పెన్ను విరగ్గొట్టినప్పుడు కూడా పదిరోజులు ఇలాగే పొంతన లేని జవాబులు చెప్పి సాధించింది. ఒక నాబ్ తిప్పినందుకు ఇంత శిక్షా? మీరు మధ్యలో ఏమైనా ఎక్కించలేదు కదా?

మీ బావమరిది

మే 14

ఏమోయ్,

ఎక్కించడానికి ఆవిడ నా మాట ఆలకిస్తే కదా. నీకు ఉత్తరాలు రాయడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది, అయినా ఊదుతున్నాను, ఎందుకంటే విషయం ముదిరింది.

మంగళవారం ఆఫీసులో గొడవ జరిగింది. ప్రహరీగోడ తగాదా ఒకటి నడుస్తోంది. వకీలుగారు పదిహేను అడుగులని చెబితే మీ అక్క పదిహేడు అని కొట్టింది. కాగితం కోర్టు దాకా వెళ్లింది, అవతలి వకీలు పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఆవిడ కాగితంలో తప్పు దొర్లడం ఇదే మొదటిసారి. ఆయన నలుగురిలోనూ కేకలేశాడట. ఇంటికొచ్చి, తప్పు తనది కాదంది, ఆయనకి పళ్ల సెట్టు సరిగ్గా కుదరలేదు, అన్నీ నమిలి మింగేస్తున్నాడంది. తను రిటైరవడానికి ఇంక మూడేళ్లుంది. ఈలోగా ఆయన ఇంకొకరిని చూసుకుంటాడేమో అని గొణిగింది. తర్వాత నేను ఎన్నిసార్లు అడిగినా జవాబు లేదు.

మనసు బాగుంటే ఆ మనిషి అలాంటి తప్పు చెయ్యదు. మనసు ఎందుకు బాగులేదంటే సాయంత్రం ఆ గంట లేదు. ఆ గంట ఎందుకు లేదో నీకు తెలుసు. రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి ముద్ర తీసి పో.

నీ బావ

మే 25

బావగారికి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

మా ఆఫీసులో నాతోపాటు పనిచేసే ఆయన గురువారం తనిఖీకని మీ వీధికి వచ్చాడు. నేను అక్కకి ఇమ్మని ఒక చిన్న పొట్లం ఇచ్చి పంపాను. ఆయన పొట్లం తిరిగి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. తలుపు కొట్టలేదట. లోపల మీరు అరుస్తున్నారట. ఒక్కసారి కాదు, ఒకే మాట మూడుసార్లు, మూడోసారి వీధి చివరికి వినపడేలా. ఆవిడ గొంతు మాత్రం అసలు వినిపించలేదట. పరాయివాళ్ల ఇంటి గొడవలో తలదూర్చడం ఎందుకని వచ్చేశానన్నాడు.

ఇప్పుడు నాకన్నీ అర్థమవుతున్నాయి. అక్క ఫోనులో ఎందుకు మాట్లాడదో, ఎందుకు లోపలి గదిలో కూర్చుంటుందో, ఆఫీసులో ఎందుకు తప్పులు చేస్తోందో. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, ఇంట్లో ఆవిడ అలా నలుగుతుంటే మీరు నాకు ట్రెబుల్ గురించి ఉత్తరాలు రాస్తున్నారు. నెపం నా ముద్ర మీద పెట్టి అసలు సంగతి దాస్తున్నారు. ఆవిణ్ణి కొన్నాళ్లు నా దగ్గరికి పంపండి.

బావమరిది

జూన్ 2

నీకు,

ముప్పై ఏళ్ల కాపురంలో నేను గొంతు పెంచలేదు. ఈమధ్య పెంచుతున్నమాట నిజం. ఆమె నా మాట వినడం లేదు. ఒకటికి మూడుసార్లు చెప్పాల్సి వస్తోంది.

ఇంతకంటే చెప్పుకోవడానికి నేను ముద్దాయిని కాను, నువ్వు జడ్జివీ కాదు. పంపమన్నావని అడిగాను. ఎక్కడికీ రానంది. నీ గ్రాఫు ఇందులోనే పెడుతున్నాను. ఇక ఉత్తరాలు వద్దు.

జూన్ 9

బావగారికి,

ఉత్తరాలు వద్దన్నారు. ఇదొక్కటీ చదవండి, తర్వాత మీ ఇష్టం.

మీ ఉత్తరం శనివారం అందింది. 'ఆమె నా మాట వినడం లేదు' అన్న చోట ఆగి, పెళ్లాం మాట వినకపోతే అరవడమేనా అని మీకు నాలుగు పేజీలు రాశాను. తోబుట్టువుని ఇచ్చుకున్నవాడు రాయకూడని మాటలు కూడా రాశాను. మర్నాడు ఆదివారం కావడం వల్ల పోస్టు చెయ్యలేకపోయాను. అదీ ఒకందుకు మంచిదయింది. ఏం పనీ లేక, మీరు వెనక్కి పంపిన గ్రాఫు విప్పి పెట్టుకుని, మీ ఉత్తరం మళ్లీ చదివాను. ఆ వాక్యాన్ని ఈసారి ఉన్నదున్నట్టు చదివాను. వినడం లేదు.

బావగారూ, మాటలో అచ్చులు బొంగురు వైపు ఉంటాయి, హల్లులు సన్నం వైపు ఉంటాయి. పదిహేనుకీ పదిహేడుకీ తేడా ఒక్క హల్లే. 'బావున్నావా'లో హల్లులు పోతే అది ఏమైనా కావచ్చు, బుధవారం కూడా కావచ్చు. ఆ నాలుగు రోజులూ అక్క నా మొహంలోకి చూసింది శ్రద్ధ వల్ల కాదు, పెదాలు చదువుతోంది. ఇరవయ్యారేళ్లుగా తక్కెడలు తనిఖీ చేస్తున్నాను, ఎదురుగా కూర్చున్న అక్కని గమనించలేకపోయాను.

మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. ఆ ట్రెబుల్ నాబ్ చివరిదాకా తిప్పిందెవరు? మీరా? కాకపోతే వెంటనే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నేను రాసిన మాటలకి క్షమాపణ ఉత్తరంలో అడిగేది కాదు, వచ్చి అడుగుతాను.

మీ బావమరిది

జూన్ 21

బావమరిదికి,

నాబ్ తిప్పింది నేను కాదు. నేను దాన్ని ముట్టుకున్నదే లేదు.

నీ ఉత్తరం మీ అక్క చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాను. చదివింది, మడిచింది, కవరులో పెట్టింది. అప్పుడు చెప్పింది. నాలుగేళ్లట. మొదట్లో వకీలుగారి గదిలో ఫ్యాను చప్పుడనుకుందట. ఇంట్లో దుమ్ము తుడిచినప్పుడల్లా నాబ్ కాస్త కాస్త తిప్పుకుంటూ వచ్చిందట, పాటలో మాటలు తెలిసేదాకా. నువ్వు ముద్ర వేసిన రోజు తనకి ఆ పెట్టె మూగబోయినట్టయిందట. ముద్ర పీకేస్తే ఎందుకని అడుగుతాం కదా, అందుకని లోపలికి వెళ్లి కూర్చుందట.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. 'మీ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున మీకు చెబితే సాయంత్రానికి వకీలుగారికి తెలుస్తుంది. వినపడని స్టెనోని ఎవరు పెట్టుకుంటారు?' అంది. నాలుగేళ్లు ఒకే ఇంట్లో తిరిగాను. నేను పిలిస్తే పలకకపోవడం పెళ్లయిన కొత్తలోనూ ఉంది కాబట్టి తేడా తెలియలేదు.

బుధవారం పరీక్ష చేయించాం. అద్దం పెట్టిన చిన్న గదిలో ఆవిణ్ణి కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో బొత్తాం ఇచ్చారు. కూత వినపడితే నొక్కాలి. నేను బయట నిలబడి చూస్తున్నాను. మొదట్లో టకటకా నొక్కింది. తర్వాత పరీక్ష చేసే అమ్మాయి శబ్దం పెంచుతోంది, పెంచుతోంది, మీ అక్క బొటనవేలు మాత్రం బొత్తాం మీద అలాగే ఉంది. ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తోంది. ఆ వేలు చూడలేక నేను వరండాలోకి వెళ్లిపోయాను.

డాక్టరు గ్రాఫు ఇచ్చాడు. నీ గ్రాఫు తిప్పి పంపేశాను కానీ నాకు బాగానే గుర్తుంది. నీ గీత ఎక్కడ పైకి లేచిందో, ఆవిడ గీత సరిగ్గా అక్కడే కిందికి జారింది. నువ్వు కొలిచింది స్పీకర్లని కాదోయ్, మీ అక్కనే. ఎవరిని కొలుస్తున్నావో నీకే తెలియలేదు.

ఇంటికి రాగానే బైండింగ్ కత్తితో లక్క గీకేసి నాబ్ చివరిదాకా తిప్పాను. వచ్చి కూర్చుంది.

ఇక నా తప్పు కూడా రాస్తాను, లేకపోతే తిన్నది అరగదు. పాటమీద కంబళి కప్పినట్టుందన్న మాట నాది కాదు, నువ్వు వెళ్లిన రోజు మీ అక్క అన్నది. నీ మీద కోపంతో నా పేరున రాసేశాను. నిజం చెప్పాలంటే నువ్వు సరిచేశాక నాకు చాలా బాగుంది. అంతకుముందు చెవిలో పిన్నీసు గుచ్చినట్టుండేది, పాటంటే అలాగే ఉంటుందేమో అని సర్దుకున్నాను. నీ ముద్ర కింద ఆ రెండు నెలలూ ఒక్కణ్ణే కూర్చుని హాయిగా విన్నాను. విన్నంతసేపూ నిన్ను తిట్టుకున్నాను.

నీ బావ

జూలై 3

బావగారికి,

మీ ఉత్తరం చదివి కాసేపు నవ్వాను, తర్వాత మళ్లీ మొదటినుంచీ చదివాను.

మీరు ఒప్పుకున్నారు కాబట్టి నేనూ ఒప్పుకుంటాను. ఆ రోజు మీ హాల్లో నాబ్ అటూ ఇటూ తిప్పినప్పుడు నాకు తేడా తెలియలేదు. తొమ్మిది డెసిబెల్లు ఎక్కువున్నా, సమానంగా ఉన్నా, నాకు రెండూ ఒకేలా వినిపించాయి. మీటరు ముల్లు కదిలింది, నేను పెద్దమనిషిలా తలూపాను. పాట అంటే నాకు చిన్నప్పటినుంచీ ఒక హోరు, అంతే. ఎవరైనా కళ్లు మూసుకుని వింటుంటే వాళ్లకి ఏం దొరుకుతోందో నాకు తెలియదు. మీరిద్దరూ సాయంత్రం అలా కూర్చుంటే నేను గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. ఏదో ఒక పనిమీద లోపలికి రావాలి కదా. నాకు చేతనైన పని కొలవడం.

అనుమానం వచ్చి నేనూ చెవి పరీక్ష చేయించుకున్నాను. నూటికి నూరు. ఈ వయసులో ఇంత మంచి చెవులు అరుదని డాక్టరు మెచ్చుకున్నాడు. ఏం చేసుకోను?

వకీలుగారి సంగతి ఏమైంది? ఆయనకి చెప్పారా? అక్క ఉద్యోగం పోయేట్టుంటే వెంటనే రాయండి. నేను వచ్చి మాట్లాడతాను. మీటరు తీసుకురాను.

మీ బావమరిది

జూలై 19

బావమరిదికి,

నువ్వు రానక్కర్లేదు, అంటే మాట్లాడటానికి రానక్కర్లేదు. ఊరికే రా.

చెవి మిషను పెట్టారు. పప్పుబద్దంత ఉంది, జుట్టు కింద కనపడదు. సోమవారం మీ అక్క తనంత తనే వకీలుగారి గదిలోకి వెళ్లి, తలుపు వేసి, ఉన్న విషయం చెప్పింది. ఆయన, 'మీరు రోజూ నా పళ్ల సెట్టుని అంటుంటే నమ్మి పోయిన నెలే కొత్తది కట్టించుకున్నాను కదమ్మా' అన్నాడట. ఇద్దరూ నవ్వుకున్నారట. ఉద్యోగం ఉంది. తప్పు లేని కాగితం కావాలంటే ఆవిడే ఉండాలని ఆయనకి తెలుసు. ఇప్పుడు గదిలో ఫ్యాను చప్పుడు కూడా వినపడుతోందట, నూనె వేయించమని చెప్పి వచ్చింది.

ఇంట్లో మాత్రం కొత్త చిక్కొచ్చింది. మిషనుతో మాటలు బాగా తెలుస్తున్నాయి కాబట్టి ట్రెబుల్ తగ్గించి మధ్యకి పెట్టాం. నీ తిన్నటి గీత మళ్లీ వచ్చింది, ఆవిడకీ వినపడుతోంది, నాకూ హాయిగా ఉంది. ఇంకేం కావాలనుకున్నాను. మొదటిరోజు పాట మొదలైంది. సగంలో మీ అక్క చెయ్యెత్తి, ఆపమంది. పాటలో ఇంకెవరో పాడుతున్నారు, రికార్డు పాడైందేమో చూడమంది. నేను లేచి తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ ఆపమంది. ఈసారి నాకేసి చూసింది.

నేను పాటతోపాటు పాడతాను. నాకే తెలియకుండా పాడతాను. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆవిడ వద్దనేది, నేను ఓ వారం మానేసి మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. నాలుగేళ్లుగా ఏమీ అనలేదు. నా గొంతు బాగుపడిందనుకున్నాను. ఈమధ్య కాస్త గట్టిగానే పాడుతున్నాను కూడా.

ఆ రోజు నుంచీ నోరు కుట్టేసుకుని కూర్చుంటున్నాను. పాట బాగుంది, శబ్దం బాగుంది, నీ లెక్క ప్రకారం అన్నీ సవ్యంగా ఉన్నాయి. నా వరకు మాత్రం ఏదో ఆఫీసులో కూర్చుని వింటున్నట్టుంది. నేనేమీ అనలేదు. వారం గడిచింది.

నిన్న సాయంత్రం మీ అక్క వచ్చి కూర్చుంది. కాళ్లు ముడుచుకుంది. చెవిలోంచి మిషను తీసి డబ్బాలో పెట్టి మూత వేసింది. లేచి వెళ్లి తనే ట్రెబుల్ చివరిదాకా తిప్పి వచ్చింది. నాకు చెవిలో పిన్నీసు మళ్లీ మొదలైంది.

'పాడుకోండి' అంది.

నీ బావ